పధ్నాలుగో నంబరు లైన్ క్లియర్

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి మొదటే చెప్పేస్తే, తర్వాత చెప్పబోయే దాంట్లో నన్ను నేను వెనకేసుకొస్తున్నానని ఎవరూ అనుకోరు. కోనసీమలో పుట్టాను. మండపేట దగ్గర ఒక కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటరుగా ఇరవై ఏళ్లకు పైగా పని చేశాను. ఊరి పేరు చెప్పను. చుట్టూ వరిచేలు, మధ్యలో కంచె, కంచె లోపల గీపెట్టే ట్రాన్స్‌ఫార్మర్లు, ఒక గది, గదిలో నేను. షిఫ్టు ఎనిమిది గంటలు. ఆ ఎనిమిది గంటల్లో ఒక మనిషి మొహం కనపడితే ఆ రోజు పండగ కింద లెక్క.

ఇంటికెళ్లినా అంతే. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కో అబద్ధం చెప్పాను. నిజమేమిటో నాకే సరిగ్గా తెలీదు. మండపేటలో ఒక రైసుమిల్లు వెనకాల అద్దె గది. ఊక దుమ్ము కిటికీలోంచి వచ్చి మంచం మీద పడుకునేది, నేను దులిపి దాని పక్కన పడుకునేవాణ్ణి. పొద్దున్నే అన్నం వండుకుని, ఏదో ఒక కూర చేసుకుని, క్యారేజీ కట్టుకుని సైకిలెక్కేవాణ్ణి.

ఆ ఇరవై ఏళ్లలో నాతో రోజూ మాట్లాడిన మనిషి ఒక్కరే. మా సెక్షన్ లైన్‌మన్. వయసులో నాకంటే రెండేళ్లు చిన్న. మాట్లాడేది ఎదురుగా కాదు, ఫోన్లో. అదెందుకో చెప్పాలంటే మా పని కొంచెం చెప్పాలి.

లైను మీద పని చెయ్యాలంటే ముందు అందులో కరెంటు ఆపాలి. లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి అడుగుతాడు. ఆపరేటరు ఆ లైను ఆపి, రిజిస్టర్లో రాసి, ఒక నంబరు చెబుతాడు. దాన్నే లైన్ క్లియర్ అంటారు, వాడుకలో ఎల్‌సీ. పని అయ్యాక, ఆ నంబరు తీసుకున్న మనిషే మళ్లీ ఫోన్ చేసి, అందరూ దిగిపోయారు, లైను వేసుకోవచ్చు అని చెప్పి ఎల్‌సీ తిరిగి ఇవ్వాలి. ఆ మాట వచ్చేదాకా చచ్చినా స్విచ్ వెయ్యకూడదు. మొత్తం పని రెండు గొంతుల మీద నడుస్తుంది. ఒక గొంతు స్తంభం దగ్గర, ఒక గొంతు స్విచ్ దగ్గర.

తొంభైలలో ఇదంతా మాకు మంచినీళ్లు తాగినంత తేలిక. ఫోన్ మోగేది. "నేనేనండి గురువుగారూ" అనేవాడాయన. నన్ను గురువుగారూ అనడం ఆయన వెటకారం. నేనేమీ నేర్పలేదు, నేర్పమని ఆయన అడగనూ లేదు. ఎల్‌సీ నంబరు చెప్పడానికి అర నిమిషం పట్టేది, మిగతా పావుగంట కూరల సంగతి. ఆ రోజు నా క్యారేజీలో ఏముందో చెబితే గానీ ఫోన్ పెట్టనిచ్చేవాడు కాదు. చెప్పాక అందులో తప్పులు పట్టేవాడు. బీరకాయలో పాలు పొయ్యలేదా, ఆనపకాయలో అన్ని ఎండుమిరపకాయలేంటి, వంటా అది, శిక్షా. అప్పుడప్పుడూ వాళ్లావిడ చేసిన పనసపొట్టు కూర ఒక గిన్నెలో సర్ది, సైకిల్ హ్యాండిలుకి తగిలించుకుని వచ్చి, కంచె గేటు మీదుగా అందించి వెళ్లేవాడు. ఖాళీ గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు బాగుందని చెప్పాలంటే నాకు నోరు పెగిలేది కాదు. ఆవాలు ఎక్కువయ్యాయి అనేవాణ్ణి. అది మెచ్చుకోవడమేనని ఆయనకు తెలుసు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్లకు మా ఫోన్ పక్కన ఒక పెట్టె వచ్చి కూర్చుంది. పెద్దదేం కాదు, టిఫిన్ బాక్సంత. రిసీవరు ఎత్తగానే దాని మీద ఎర్ర దీపం వెలిగేది. బిగించడానికి వచ్చినతను, ఇది డిజిటల్ రికార్డరండి, మీరు మాట్లాడే ప్రతి ముక్కా ఇందులో పడుతుంది, నెలకోసారి కంప్యూటర్లోకి తీసుకుంటారు అని చెప్పాడు. ఎక్కడో ఎల్‌సీ విషయంలో నువ్వన్నావంటే నువ్వన్నావని గొడవై, ఒక మనిషి పోయాడట. ఇకమీదట ఎవరేమన్నారో తేలిపోతుందట. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు దొరల్లా పని చేశాక ఇప్పుడు దొంగల్లో కలిపారా అని అతని మీద నోరు పారేసుకున్నాను. పాపం, అతను వైర్లు చుట్టుకుని వెళ్లిపోయాడు.

లైన్‌మన్‌కి మాత్రం ఆ పెట్టె నవ్వులాటైంది. దానికి అత్తగారని పేరు పెట్టాడు. "అత్తగారు పక్కనే ఉన్నారా గురువుగారూ? వింటున్నారా?" అని మొదలుపెట్టి, ఆవిడకు కూడా చెబుతున్నట్టు కూరల కబుర్లు ఎప్పట్లాగే చెప్పేవాడు. నేనూ ధైర్యం చేసి మాట్లాడాను. నెల గడిచింది.

నెలాఖరు మీటింగులో మా సెక్షన్ ఇంజనీరు ఏఈ గారు కంప్యూటర్ ముందు కూర్చున్నారు. సెక్షన్ మనుషులందరం ఉన్నాం. ఆయన మంచివారే, కుర్రతనం, పై నుంచి చీవాట్లు తిని వచ్చారేమో. మీ సబ్‌స్టేషన్ ఫోన్ ఇరవై రెండు నిమిషాలు ఎంగేజ్‌లో ఉంది, ఎందుకో అందరూ వినండి అని ఒక మీట నొక్కారు. నా గొంతు గదంతా వినపడింది. కంద బచ్చలి కూరలో చింతపండు ఎంత వెయ్యాలో, ఆవ ఎప్పుడు కలపాలో, ఒంటరివాణ్ణి కాబట్టి పావు కేజీ కంద తెచ్చుకుంటే మూడు పూటలు దాన్నే తింటానని చెబుతున్నాను. ఒంటరివాణ్ణి అన్న ముక్క దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. లైన్‌మన్ కూడా నవ్వాడు, అందరితో కలిసి, మామూలుగా. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన నవ్విన నవ్వులో విషం లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియలేదు. మర్నాటి నుంచి నేను మారిపోయాను. ఫోన్ ఎత్తి, సబ్‌స్టేషన్, చెప్పండి అనేవాణ్ణి. ఆయన ఏదో కబురు మొదలుపెడితే, రికార్డవుతోంది, విషయం చెప్పండి అనేవాణ్ణి. ఒకటి రెండుసార్లు బతిమాలినట్టు మాట్లాడి చూశాడు. గేటు దగ్గరికి వచ్చి, ఏంటండీ అంత కోపం, సరదాకి నవ్వితే అన్నాడు. మీకు సరదాయే, మాది శిక్ష కదా అన్నాను. పుల్లవిరుపు మాటలు నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఏఈ గారు మరో రెండు నెలలు విన్నారు. ఆ తర్వాత ఎవరూ వినలేదు. ఎవరికంత తీరిక. వింటున్నారన్న భయం మాత్రం నాలో ఉండిపోయింది.

ఆ రోజుల్లోనే అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాయి. మాట్లాడితే ఖర్చు, మోగించి ఆపేస్తే ఉచితం. ఊరంతా మిస్డ్ కాల్స్ మీద బతికేది. పాలవాడు వచ్చాడంటే ఒక మోత, బస్సెక్కానంటే ఒక మోత. లైన్‌మన్ మా ఇద్దరికీ ఒక లెక్క పెట్టాడు. ఆయన సెల్ నుంచి నా సెల్‌కి ఒక మోత వస్తే, సబ్‌స్టేషన్ వైపు వస్తున్నాను, టీ పెట్టండి అని. వెంట వెంటనే రెండు మోతలు వస్తే, పని అయిపోయింది, లైను వేసుకోండి అని. ఎల్‌సీ తీసుకోవడం మాత్రం రూలు ప్రకారం అత్తగారి ఎదురుగా, మా ల్యాండ్‌లైనుకే. దానికి ఆయన కిళ్లీకొట్టు దగ్గర రూపాయి బిళ్ల వేసే ఎర్రడబ్బా ఫోన్ వాడేవాడు. తిరిగి ఇవ్వడానికి మళ్లీ చేలకడ్డంపడి ఆ కిళ్లీకొట్టు దాకా ఎవరు నడుస్తారు. రెండు మోతలు ఇచ్చేవాడు, నేను లైను వేసేవాణ్ణి, సాయంత్రం వచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టేవాడు.

ఇది తప్పని ఇద్దరికీ తెలుసు. నాకైతే అది తప్పు కంటే ఎక్కువ సుఖంగా ఉండేది. ఆయనతో మాట్లాడకుండానే పని జరిగిపోయేది కదా. అలా రెండేళ్లు. మా మధ్య మాటలు పోయి మోతలు మిగిలాయి. ఒక మోత వచ్చిన రోజుల్లో టీ పెట్టేవాణ్ణి. ఇద్దరం గేటుకి చెరోవైపు నిలబడి తాగేవాళ్లం. ఆయనే వానల గురించి నాలుగు ముక్కలు మాట్లాడేవాడు, నేను గ్లాసు కడుక్కునేవాణ్ణి. పనసపొట్టు గిన్నె రావడం ఎప్పుడో మానేసింది.

అవి దాళ్వా చేలకు, అంటే రెండో పంటకు, నీళ్లు కావలసిన రోజులు. మోటార్లు ఆగితే రైతులు ఊరుకోరు. ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి సెల్ ఒకసారి మోగింది. టీ పెట్టాను. ఆయన రాలేదు, దారిలో ఏదో పని తగిలిందేమో అనుకుని ఇద్దరి టీ నేనే తాగేశాను. పదకొండింటికి ల్యాండ్‌లైను మోగింది. రైసుమిల్లు వైపు వెళ్లే ఫీడర్ లైను మీద పగిలిన పింగాణీ ఇన్సులేటర్ మార్చాలట. ఎల్‌సీ ఇచ్చాను. నంబరు పధ్నాలుగు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. లైను ఆపిన క్షణం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. కరెంటు ఎప్పుడిస్తారండీ అని ఒకరు, చేలు ఎండబెడతారా అని ఒకరు. మిల్లు నుంచి ఒకాయన అయితే బూతు ఒక్కటే తక్కువ. అందరికీ ఒకే జవాబు చెప్పి, చెమట తుడుచుకుంటూ కూర్చున్నాను.

పన్నెండు దాటాక బల్ల మీద నా సెల్ మోగి ఆగింది. వెంటనే మళ్లీ మోగి ఆగింది. చూశాను, ఆయన నంబరే. హమ్మయ్య అనుకున్నాను. లేచి వెళ్లి బ్రేకర్, అదే ఆ లైను స్విచ్, వేశాను.

వేసిన మరుక్షణం అది దానంతటదే ధడాలున విడిపోయింది. అలా విడిపోయిందంటే, పనికి ముందు తీగలను నేలకు కలుపుతూ తగిలించే ఎర్త్ గొలుసు లైను మీద ఇంకా ఉందన్నమాట. గొలుసు ఉందంటే మనిషి ఇంకా పైనే ఉన్నాడన్నమాట. ఆయన సెల్‌కి చేశాను. మోగలేదు. మళ్లీ చేశాను. అప్పుడు, అన్నీ అయిపోయాక, నాలుగుసార్లు చేశాను. అదే ఫోన్ అంతకు ముందు ఒక్కసారి చేసి, దిగారా అండీ అని అడిగి ఉంటే సరిపోయేది.

గొలుసు వెయ్యడం మానని మనిషి కాబట్టి బతికాడు. కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది. అదురుకి కింద పొలంలో పడ్డాడు. తుంటి విరిగింది. ఆయన సెల్‌ఫోన్ బురదలో పడి ఎక్కడ కూరుకుపోయిందో దొరకలేదు. చేనవతల కొమ్మలు కొడుతున్న ఇంకో పనివాడు పరిగెత్తుకొచ్చి, ట్రాక్టర్ మీద మండపేటకీ, అక్కడి నుంచి రాజమండ్రి ఆస్పత్రికీ చేర్చాడు.

విచారణకు వచ్చినవాళ్లు ముందు అడిగింది ఆ పెట్టెనే. పదకొండు గంటలకు ఎల్‌సీ తీసుకున్న మాట అందులో శుభ్రంగా ఉంది. తిరిగి ఇచ్చిన మాట లేదు. మరి లైను ఎందుకు వేశావని నన్ను అడిగారు. ఏఈ గారు ముందే నన్ను పక్కకు పిలిచి, సెల్‌లో మాట్లాడి అయిపోయిందని చెప్పాడని రాసెయ్యండి, మీ ఉద్యోగం నిలబడుతుంది అన్నారు. అంత అబద్ధం నా చేత కాలేదు. జరిగింది జరిగినట్టు రాశాను. రెండు మిస్డ్ కాల్స్ వచ్చాయి, మా అలవాటు ప్రకారం లైను వేశాను, తిరిగి అడక్కపోవడం నా తప్పు అని రాశాను. నా ఫోన్ తీసి చూపించాను. ఆయన నంబరు మూడుసార్లు ఉంది, పొద్దున టీకి ఒకటి, తర్వాత రెండు. కానీ ఫోన్ కొన్న రోజు నుంచి అందులో గడియారం నేను సరిచెయ్యలేదు. తారీకు ఏదో పాత జనవరిలో ఉండిపోయింది. ఇది ఏ రోజు కాల్ అని ఎవరు నమ్ముతారండీ అన్నారు విచారణ అధికారి. మిస్డ్ కాల్‌కి బిల్లు ఉండదు కాబట్టి ఫోన్ కంపెనీని అడిగినవాళ్లూ లేరు. నన్ను సస్పెండ్ చేశారు.

రాజమండ్రి వెళ్లాను. వార్డు బయట బల్ల మీద వాళ్లావిడ కూర్చుని ఉంది. పనసపొట్టు కూర పంపిన ఆవిడ. ఇన్నేళ్లలో ఆవిణ్ణి చూడడం అదే మొదటిసారి.

"స్తంభం మీద ఉన్న మనిషి మీకు ఫోన్ చేశాడని రాశారటండి?" అంది.

రెండుసార్లు వచ్చిందమ్మా అన్నాను.

"రెండు చేతులతో పని చేసుకుంటా ఫోనెలా చేస్తారండి? నేను చెయ్యలేదని ఆయన ఒట్టేసి చెబుతున్నారు. మీ తప్పు మీరు ఒప్పుకుని ఊరుకున్నా మాకింత బాధ ఉండకపోనండి. మా మనిషి మీద రుద్దారు చూడండి, అదీ."

లోపలికి వెళ్లాను. ఆయన నన్ను చూశాడు. చూసి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. తెచ్చిన బత్తాయిలు కిటికీలో పెట్టి వచ్చేశాను. కాలవ గట్టు మీద బస్సు వెళుతుంటే ఏడుపొచ్చింది. పక్క సీటాయన ఎవరైనా పోయారాండీ అని అడిగాడు. లేదండీ, బతికారు అన్నాను.

సస్పెన్షన్ ఎత్తేశాక మళ్లీ అదే గదిలోకి పంపారు. ఆయన స్తంభాలెక్కే పని వదిలేసి సెక్షన్ ఆఫీసులో కాగితాల పనికి మారాడు. కొత్త లైన్‌మన్ వచ్చాడు, చురుకైనవాడు, రూలు తప్పడు. ఎల్‌సీ తీసుకోవడం, తిరిగి ఇవ్వడం రెండూ ఫోన్లోనే, పదం పొల్లు పోకుండా. కబుర్లు ఉండవు. నాకు కావలసింది అదే కదా ఒకప్పుడు. ట్రాన్స్‌ఫార్మర్లు గీపెడుతూ ఉండేవి, నేను వింటూ ఉండేవాణ్ణి. ఒక్కోసారి వారం మొత్తంలో నేను నోరు విప్పి అన్న మాటలన్నీ ఆ పెట్టెలో ఉన్నవే. క్యారేజీ విప్పినప్పుడల్లా, కూరేంటి గురువుగారూ అని ఎవరో అడుగుతారని చెవి అటే పోయేది. నా ఉద్యోగం నిలబడింది, ఆయన ప్రాణం నిలబడింది. నేనాయన మీద అబద్ధం రాశానన్న నమ్మకమూ అలాగే నిలబడిపోయింది. అదొక్కటి పోతే చాలని ఎన్నిసార్లు అనుకున్నానో. వెళ్లి చెప్పుకోవడానికి మొహం చెల్లలేదు, చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఏడాదిన్నర తర్వాత రాజమండ్రిలో భద్రత మీద శిక్షణ తరగతి పెట్టారు. ఆపరేటర్లూ లైన్‌మన్లూ అందరూ రావాలన్నారు. వెనక బెంచీలో కూర్చున్నాను. ముందు వరసలో గోడ పక్కన చేతికర్ర పట్టుకుని ఆయన. ఒకళ్లనొకళ్లు చూడనట్టే ఉన్నాం. పాఠం చెప్పడానికి వచ్చినాయన రిటైరైన ఇంజనీరు. ఇన్నాళ్లూ ఆ పెట్టెలు తప్పు పట్టుకోవడానికే వాడారు, ఇకమీదట నేర్పడానికి వాడదాం అన్నారు. కంప్యూటరుకి రెండు స్పీకర్లు తగిలించి, ఊరూ పేరూ చెప్పకుండా ఒక రికార్డు వినిపించారు.

"నేనేనండి గురువుగారూ. భోంచేశారా?"

"రికార్డవుతోంది. విషయం చెప్పండి."

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. తలుపు మొహాన వేసినట్టుంది. ఆ ప్రమాదం రోజు ఆయన భోంచేశారా అని అడిగిన సంగతి నాకు గుర్తు కూడా లేదు. మిగతాదంతా వినిపించాక ఇంజనీరు గారు ఆపి, ఈ ఆపరేటర్ని చూడండి, అనవసరమైన మాట ఒక్కటి కూడా రానివ్వలేదు, ఇలా ఉండాలి అన్నారు. అందరూ తలలూపి రాసుకున్నారు. నా జన్మలో నన్ను నలుగురిలో మెచ్చుకున్నది అదొక్కసారే. ఎక్కడైనా గొయ్యి ఉంటే దూరిపోయేవాణ్ణి.

మరి ఎల్‌సీ తిరిగి ఇచ్చిన మాటేదీ అని ఇంజనీరు గారే అడిగి, రికార్డు మళ్లీ వేశారు. నంబరు రాసుకునేటప్పుడు నేను కాసేపు మాట్లాడలేదు. ఆ సందులో పిచ్చుక అరిచినట్టు పీ పీ మని సన్నగా ఏదో మోత ఉంది. ఫోన్ లైను మోతలే అనుకున్నాను. అప్పుడు ముందు వరసలో ఆయన చెయ్యెత్తాడు. మధ్యలోంచి ఇంకోసారి వెయ్యమన్నాడు. వేశారు. తల వంచుకుని విన్నాడు. ఇంకోసారి అన్నాడు. నా మీద ఇంకేదో తప్పు దొరికిందనుకున్నాను. పాఠం అవగానే కర్ర పొడుచుకుంటూ, నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

తొమ్మిది రోజుల తర్వాత, మంగళవారం, మధ్యాహ్నం పన్నెండు దాటాక ల్యాండ్‌లైను మోగింది. రిసీవరు ఎత్తాను. ఎర్ర దీపం వెలిగింది.

"సబ్‌స్టేషన్, చెప్పండి."

అవతల గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత ఆయన ముందు తన పేరు చెప్పాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు, నేనేనండి అనడమే తప్ప. హోదా చెప్పాడు. ఫీడర్ పేరు చెప్పాడు. నెమ్మదిగా, పాఠంలో నేర్పినట్టు, మాట వెంట మాట.

"ఎల్‌సీ నంబరు పధ్నాలుగు తిరిగి ఇస్తున్నానండి. మనుషులందరూ దిగిపోయారు. ఎర్త్ గొలుసులు తీసేశాం. సామాన్లన్నీ తీసేశాం. ఇక లైను వేసుకోవచ్చు."

విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి, అది రూలు. చెప్పాను. ఎల్‌సీ నంబరు పధ్నాలుగు, తిరిగి తీసుకున్నాను. మనుషులందరూ దిగిపోయారు. ఆ ముక్క దగ్గర ఆగి, మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేశాను. పాత రిజిస్టరు ఆఫీసువాళ్లు ఎప్పుడో తీసుకుపోయారు. బల్ల మీది కొత్తదాంట్లో ఆ రోజు వరసకింద రాశాను. తర్వాత ఎవరూ దాని గురించి అడగలేదు. పెట్టెలోవి కంప్యూటర్లోకి తీసుకునేవాళ్లూ అప్పటికి లేరు, అది నిండినప్పుడల్లా పాత మాటల మీద కొత్త మాటలు పడేవి, కాబట్టి అందులోనూ అది మిగిలి ఉండదు.

"మీరు అబద్ధం రాయలేదండి" అన్నాడాయన. "ఆ పీ పీ నా సెల్‌ మీటలండి. చొక్కా జేబులో పెట్టి లాక్ చెయ్యలేదు. కొట్టు బల్లకి ఆనుకుంటే నొక్కుకుపోతంది. స్తంభం మీద బెల్టు కింద కూడా అలాగే నొక్కుకుపోయి ఉంటది. పొద్దున టీకి చేసిన ఆఖరి ఫోను మీకే కదండి, పచ్చమీట నొక్కుకుంటే రెండుసార్లూ మళ్లీ మీకే పోయింది. మా ఆవిడకి చెప్పాను. నమ్మింది."

లైను వేసింది నేనేనండి అన్నాను. అడక్కుండా వేశాను.

"ఆయ్, వేశారు" అన్నాడు. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. తర్వాత మళ్లీ ఆయనే అడిగాడు.

"భోంచేశారా గురువుగారూ?"

నేను ఆ దీపం వైపు చూశాను.

"అత్తగారు వింటన్నారాండి? విననివ్వండి. కూరేంటి?"

క్యారేజీ అప్పటికింకా విప్పలేదు. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మూత తీశాను.

"కంద బచ్చలండి" అన్నాను. "నిన్నటిది. మొన్నటిది కూడాను. ఒక్కణ్ణే కదండి, అవ్వదు."